కొత్తవాళ్లకి గంట ఉపన్యాసం వద్దండీ

పాలకొల్లులో మీ ఉమ్మడి వర్క్‌షాప్‌కి వచ్చే కొత్తవాళ్లు, గంటసేపు జాగ్రత్తలు చెప్పినా మర్నాడే లుంగీతో గ్రైండర్ పట్టుకుంటున్నారని రాశారు కదా. గంటసేపు ఎవరు వింటారండీ? మిషను దగ్గరికే తీసుకెళ్లండి. డ్రిల్లింగ్ మిషను ప్లగ్గు పీకేసి, బిట్టుకి పాత గ్లవ్ తగిలించి ఆ బిట్టుని పట్టి ఉంచే చక్‌ని చేత్తో తిప్పి చూపించండి. గుడ్డ ఎలా చుట్టుకుపోతుందో కళ్లారా చూస్తే, అక్కడ గ్లవ్స్, కండువా ఎందుకు వద్దంటున్నామో వేరే చెప్పక్కర్లేదు. చక్ బిగించే కీ తీశాకే స్విచ్ వెయ్యాలి. గ్రైండర్ డిస్క్ మీద రాసిన ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మిషను ఆర్‌పీఎం కంటే తక్కువుంటే వాడొద్దు. డిస్క్‌కి అడ్డుగా ఉండే గార్డు పీకేసినవాణ్ని ఆ రోజుకి ఇంటికి పంపెయ్యండి, మొహమాటపడకండి. మన వైపు వానాకాలం నేలంతా చెమ్మే కాబట్టి కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాల్సిందే. దాని టెస్ట్ బటన్ కొత్తవాళ్ల చేతే నొక్కించండి.