మొదటిసారి మార్చురీకి వెళ్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

విపత్తు మృతులను పళ్ళను బట్టి గుర్తించే బృందంలో నీ పేరు వేశారని, రాత్రంతా నిద్ర పట్టలేదని రాశావు. క్లినిక్‌లో అయితే నొప్పి ఎక్కడో మనిషే చూపిస్తాడు. అక్కడ చెప్పేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి టెన్షన్ సహజమే. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పని చేసినదాన్ని, నాకు తెలిసింది చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. బతికున్నప్పటి డెంటల్ రికార్డు చూడకుండా ముందు నోట్లో ఉన్నది ఉన్నట్టు రాసుకో. అంతర్జాతీయ పోలీసు సంస్థ ఇంటర్‌పోల్ పద్ధతిలో మృతదేహం వివరాలకు గులాబీ రంగు ఫారం, కుటుంబం దగ్గర తీసుకున్న వివరాలకు పసుపు రంగు ఫారం ఉంటాయి. గులాబీది పూర్తయ్యేదాకా పసుపుది ముట్టుకోకు. 'కింద ఎడమవైపు క్యాప్ ఉండాలి' అని ముందే తెలిస్తే, మసి పట్టిన పన్ను కూడా క్యాప్‌లాగే కనిపిస్తుంది. మనసు మన కళ్ళను అంత తేలిగ్గా మోసం చేస్తుంది.

కాలిన శరీరమైతే, నోరు తెరిచేముందే ఫోటోలు తియ్యి. పంటి పైపొర ఎనామిల్‌లో నూటికి 96 వంతులు ఖనిజమే, ఒంట్లో అంతకన్నా గట్టిది లేదు. అందుకే మిగతావన్నీ పోయినా పళ్ళు మిగులుతాయి. అలాగని అవి రాళ్ళు కావు. దవడ పళ్ళకు బుగ్గలు, నాలుక అడ్డం ఉంటాయి, ముందు పళ్ళకు పెదవే దిక్కు. బాగా కాలిన ముందు పన్ను వేలు తగిలితే బూడిదలా రాలిపోతుంది. శరీరాన్ని కదిలించే ముందే పలచటి జిగురో, హెయిర్ స్ప్రేనో కొట్టి ఆరనివ్వాలి. చెయ్యి ఆపుకుని ఆ రెండు నిమిషాలు నిలబడటం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

పళ్ళ చార్టు ఒక్కదానివే రాయకు. ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి, తర్వాత చోట్లు మార్చుకుని మళ్ళీ మొదటినుంచి చూడాలి. 32 పళ్ళు, ఒక్కోదానికి అయిదు వైపులు, అంటే 160 చోట్లు చూడాలి. పంటి రంగులో వేసే ఫిల్లింగులు మామూలు వెలుతురులో కనబడవు, అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి చూడు. రికార్డు ఏ దేశం నుంచి వచ్చిందో కూడా కనుక్కో. పళ్ళకు నంబర్లు వేసే పద్ధతి అన్నిచోట్లా ఒకటి కాదు. మనం 11 అంటే పైన కుడివైపు ముందు పన్ను. అమెరికా డాక్టరు రాసిన 11 పైన ఎడమవైపు కోరపన్ను. అంకె ఒకటే, మనిషి మారిపోతాడు.

ఎక్స్‌రే దగ్గర నేను చేసిన తప్పు నీకు చెప్పి తీరాలి. పాత ఫిల్ముల్లో మూలన చిన్న బొడిపె ఉంటుంది, ఏది ముందువైపో వేలికి తెలుస్తుంది. ఆ రోజు మా చేతికి ఫిల్ము రాలేదు, దాని ఫోటో వచ్చింది. ఎవరో ఫిల్మును తిరగేసి పెట్టి తీశారు. రూట్ కెనాల్ కుడివైపు ఉందనుకున్నాం. శరీరంలో ఎడమవైపు ఉంది. బయట బెంచీ మీద కూర్చున్న తండ్రితో 'మీ అబ్బాయి కాదండీ' అని నేనే చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. సాయంత్రం అసలు ఫిల్ము వచ్చాక, మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. అసలు ఫిల్ము తెప్పించమని పట్టుబట్టు. అది చేతికి వచ్చేదాకా ఏ మాటా అనకు.

పోల్చేటప్పుడు కాలం ఎటు నడుస్తుందో గుర్తుపెట్టుకో. రికార్డులో ఉన్న పన్ను ఇప్పుడు లేకపోతే, తర్వాత తీయించుకుని ఉండొచ్చు. చిన్న ఫిల్లింగ్ పెద్దదై ఉండొచ్చు. కానీ తీసేశారని రాసిన శాశ్వత దంతం నోట్లో కనబడితే, ఆ రికార్డు తప్పయినా అయి ఉండాలి, మనిషి వేరేవాడయినా అయి ఉండాలి. కారణం చెప్పలేని తేడా ఒక్కటి చాలు, ఎన్ని పోలికలున్నా ఆగిపోవడానికి. పోలికలు ఉన్నా చాలకపోతే 'అయి ఉండొచ్చు' అని మాత్రమే రాయి. దవడ పన్ను జాగ్రత్తగా తీసి ఇస్తే లోపలి మెత్తటి భాగం, పల్ప్ నుంచి డీఎన్ఏ తీసే అవకాశం ఉంటుంది.

పిల్లల విషయంలో ఎదుగుతున్న పళ్ళే వయసు చెబుతాయి. జ్ఞానదంతాలు కూడా వచ్చేశాక ఆ లెక్క సడలిపోతుంది, పెద్దవాళ్ళ వయసు గట్టిగా చెప్పకు.

పంటిగాట్ల గురించి అడిగావు. ఏదో ఒక రోజు పోలీసులు నీ ముందు అనుమానితుడి పళ్ళ అచ్చు పెట్టి, 'ఈ గాటు వీడిదే కదా డాక్టర్' అంటారు. ఈ విషయంలో నేను మొండిదాన్ని. చర్మం మైనం కాదు. సాగుతుంది, వాస్తుంది, రోజుకో ఆకారంలోకి మారుతుంది. అమెరికాలో రే క్రోన్ అనే మనిషికి 1992లో పంటిగాటు సాక్ష్యాన్ని నమ్మి మరణశిక్ష వేశారు. 2002లో డీఎన్ఏ వేరొకరిని చూపించాక విడుదలయ్యాడు. అప్పటికి పదేళ్ళు జైల్లోనే గడిచిపోయాయి. 2009లో అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కూడా, గాటు చూసి ఫలానా మనిషేనని చెప్పడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని తేల్చింది. మన వృత్తిలో ఇంకా ఒప్పుకోనివాళ్ళున్నారు. నువ్వు ఆ వాదనలోకి దిగకు, గాటు మీదున్న లాలాజలాన్ని కాపాడు. ఎవరూ కడగకముందే ఒక తడి స్వాబ్ (దూది పుల్ల), వెంటనే అదే చోట ఒక పొడి స్వాబ్ తీసుకో. తర్వాత ఎల్ ఆకారం స్కేలు పెట్టి, కెమెరా గాటుకు సరిగ్గా ఎదురుగా పట్టుకుని ఫోటోలు తియ్యి. నేరస్తుణ్ణి పట్టించేది చాలాసార్లు ఆ స్వాబే.

కుటుంబాలతో మాట్లాడే డ్యూటీ కూడా పడుతుంది. డెంటిస్టు దగ్గరికి ఎప్పుడూ వెళ్ళని మనుషులుంటారు, వాళ్ళకు రికార్డులుండవు. అప్పుడు నవ్వుతున్న ఫోటో అడుగు. ఒకటి కాదు, ఫోన్లో ఉన్నవన్నీ అడుగు. ముందు పళ్ళ మధ్య సందు, విరిగిన అంచు, వంకర తిరిగిన కోరపన్ను సెల్ఫీల్లో బాగా కనిపిస్తాయి. అడిగేటప్పుడు 'ఆయన పళ్ళు ఎలా ఉంటాయి' అని అడుగు. 'ఎలా ఉండేవి' అనకు.

చేరగానే ఫోన్ చెయ్యి. చార్టులో ఏ అనుమానం వచ్చినా అర్ధరాత్రయినా పరవాలేదు, పక్కనే పెట్టుకుని పడుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మేడమ్