ఆకలి లేదన్న మాట

అమ్మాయీ,

నీ 'మా అమ్మమ్మ ఇల్లు' వ్యాసం అందింది. మొదటిసారి చదివి విసుగుతో పక్కన పెట్టేశాను. రాత్రి భోంచేసి చేయి కడుక్కుంటూ ఉండగా మూడో పేజీలోని ఒక వాక్యం గుర్తొచ్చి మళ్ళీ తీశాను. "వేళ కాని వేళ ఎవరైనా వస్తే అమ్మమ్మ ఆ పూట తనకు ఆకలి లేదనేది." అంత మాట రాసి, వెంటనే ఆవిడ చేసిన గుత్తివంకాయ కూర మీదికి వెళ్ళిపోయావు. కూర గురించి పన్నెండు పంక్తులు, ఆ ఆకలి గురించి ఒక్కటి.

ఆ ఒక్కటీ నన్ను నిద్రపోనివ్వలేదు.

మిగతా పేజీల్లో 'అన్నపూర్ణ' ఏడుసార్లు, 'అక్షయపాత్ర' మూడుసార్లు వచ్చాయి. అక్షయపాత్ర ఎవరింట్లోనూ లేదమ్మా. ప్రతి గిన్నెకూ అడుగుంటుంది. అది గరిటెకు ఎప్పుడు తగులుతుందో వడ్డించే మనిషికి ముందే తెలుసు. మీ అమ్మమ్మకు ఆ పేరు తగిలిస్తే, ఆవిడ పడ్డ భయం, వేసుకున్న లెక్క, చూపిన ఒడుపు అన్నీ దేవుడి ఖాతాలోకి పోతాయి.

నలభై ఏళ్ళుగా నేను చెబుతున్నదే నీకూ చెబుతున్నాను. పెట్టిన చేతి గురించి రాసేటప్పుడు కొలత రాయి. ఆవిడ రోజూ ఎన్ని సోలల బియ్యం పోసేది? నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. మీ అమ్మమ్మ చేతికి ఏది అలవాటు? వడియాలు ఎన్ని పెట్టేది, ఏ నెల దాకా వచ్చేవి? అనుకోకుండా వచ్చేవాళ్ళ కోసమే కదా మాగాయ జాడీలు, ఊరమిరపకాయలు. వేసవిలో ఆవిడ ఎండలో కూర్చుంటేనే వానాకాలంలో చుట్టానికి విస్తరి పడింది.

మా నాయనమ్మ బియ్యం కొలిచాక, ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. రెండు పూటలా అంతే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన వరదలో నేను ఆవిడ దగ్గర, కోనసీమలోనే ఉన్నాను. మా ఇల్లు మెరక మీద ఉండటంతో లంకలో ఇళ్ళు మునిగినవాళ్ళంతా పిల్లలతో వచ్చి మా సావిట్లో, అరుగుల మీద తలదాచుకున్నారు. రెండు రోజులకే గాదెలో బియ్యం అయిపోయాయి. మూడో రోజు నాయనమ్మ ఆ కుండ దింపించింది. చేరెడు చేరెడుగా తీసి ఎసట్లో వేస్తూ, చివరికి చేయి లోపలికంటా పెట్టి అడుగు తడిమింది. గోళ్ళు మట్టికి గీసుకున్న చప్పుడు నాకు వినిపించింది. చేయి పైకి తీసి, వేళ్ళకు అంటిన నూకలు కూడా ఎసట్లోకి దులిపింది. దులిపి, "నాకివాళ నోరు బాగాలేదే, నాకు వడ్డించకండి" అంది.

నేను నమ్మాను. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, ఇద్దరు బిడ్డల తల్లినై ఉండి నమ్మాను.

దాన్నే కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. ఈ సోలలు, నూకలు పాఠకులకెందుకు, అనుభూతి కావాలని సంపాదకుడు తిప్పి పంపాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో కుండను, గోళ్ళ చప్పుడును తీసేసి, కరుణామూర్తిని పెట్టి పంపాను. వెంటనే వేశారు. మా మేనత్త చదివి, పత్రిక మడిచి నా చేతికిచ్చి, "ఇందులో మా అమ్మ లేదే" అంది. ఆ సంపాదకుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆయన వారసులు ఈనాటికీ ఉన్నారు. పసుపు వాసన, నేతచీర కొంగు, 'ఆ రోజులే వేరు' అన్న నిట్టూర్పు ఉంటే చాలు, పోటీల్లో బహుమతి. నువ్వూ ఆ బాటనే పట్టావని నా కోపం.

'మా అమ్మమ్మ మరో డొక్కా సీతమ్మ' అని కూడా రాశావు. సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. అడిగినవాళ్ళకల్లా బువ్వ పెడతాడని ఆవిడ తండ్రిని ఊళ్ళో బువ్వన్న అనేవారట. లంకల గన్నవరంలో జోగన్నగారి ఇంటికి కోడలిగా వచ్చి, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు 1909లో కన్నుమూసేదాకా వండి పెట్టారు. అది సేద్యమున్న ఇల్లు. పొలం, కాపు, కుప్ప లేకుండా ఆ పంక్తి భోజనాలు లేవు. గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడెక్టుకు ఆవిడ పేరుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే పెట్టారు. కానీ అర్ధరాత్రి వచ్చినవాళ్ళకు వడ్డించాక ఆవిడ ఏం తిన్నారో నేను చదివిన వాటిలో ఎక్కడా లేదు. మీ అమ్మమ్మ విషయంలో ఆ సంగతి నీకు తెలుసు. తెలిసీ దాటేశావు.

నువ్వు మొదట్లో పెట్టుకున్న 'అతిథి దేవో భవ' తైత్తిరీయంలోది. అదే ఉపనిషత్తు భృగువల్లి అనే భాగానికి వచ్చేసరికి, ఇంటికి వచ్చినవారిని ఎవరినీ కాదనకూడదు కాబట్టి ఏదో ఒక విధంగా అన్నం బాగా సమకూర్చుకోవాలంటుంది. ఆ సమకూర్చుకోవడం నీ వ్యాసంలో ఎక్కడ?

ఇంకొకటి. అమ్మమ్మ అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టేదని రాశావు. నిజమేనా? అంట్లు తోమడానికి వచ్చే మనిషి కూడా ఆ పంక్తిలోనే కూర్చునేదా? కూర్చుని ఉంటే అది చిన్న సంగతి కాదు, ఎవరు సణిగారో, ఎవరు విస్తరి ముందు నుంచి లేచిపోయారో అంతా రాయి. లేకపోతే ఆ వాక్యం కొట్టేయి.

కలంపేరు సంగతి, ఏ పత్రికకు పంపాలన్న సంగతి ఇప్పుడొద్దు. మీ అమ్మకు ఫోను చెయ్యి. ఆకలి లేదన్న రాత్రి అమ్మమ్మ వంటింట్లో దీపం ఆర్పాక ఏం చేసేదో అడుగు. మంచినీళ్ళు తాగేదా, గంజి తాగేదా, ఊరికే పడుకునేదా. మీ అమ్మ వెంటనే చెప్పకపోవచ్చు. ఫోను పెట్టేయకుండా ఆగు.

ఆశీస్సులతో.