‘సోమా’ గేమ్ గురించి ఒక్కొక్కరు ఒక్కోలా ఎందుకు చెబుతారు? సేఫ్ మోడ్‌లో ఆడితే నష్టమా?

కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ వెబ్‌సైట్‌లో చూస్తే ‘సోమా’ను దాదాపు అందరూ మెచ్చుకున్నట్టే కనబడుతోందనీ, సమీక్షలు విప్పి చదివితే మాత్రం “ఇందులో భయమే లేదు”, “మాన్‌స్టర్ల వల్ల మంచి కథ పాడైంది”, “నేను ఆడినవాటిలో ఇదే గొప్ప ఆట” అనే మాటలు పక్కపక్కనే ఉన్నాయనీ, వీరిలో ఎవరిని నమ్మాలో తెలియడం లేదనీ మీరు రాశారు. మాన్‌స్టర్లు ఆటగాడిని చంపని సేఫ్ మోడ్‌లో మొదలుపెడితే ఏమైనా కోల్పోతానా అని కూడా అడిగారు. ఈ ఆటను నేను విడుదలైన కొత్తలో మామూలు పద్ధతిలోనూ, ఆ తర్వాత సేఫ్ మోడ్‌లోనూ పూర్తి చేశాను కాబట్టి రెండింటి గురించీ చెప్పగలను. నా అభిప్రాయంలో పై మూడు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. ఆ మాటలన్న మనుషులు మూడు వేర్వేరు ఆటలను ఆశించి వచ్చి, ఒకే ఆటను ఆడారు. కథలోని ప్రధాన మలుపును బయటపెట్టకుండా ఇది ఎలా జరిగిందో వివరించే ప్రయత్నం చేస్తాను.

ఈ ఆటను తయారుచేసిన ఫ్రిక్షనల్ గేమ్స్ స్వీడన్‌కు చెందిన చిన్న సంస్థ. 2010లో వారు విడుదల చేసిన ‘అమ్నీషియా: ది డార్క్ డిసెంట్’ హారర్ ఆటల్లో ఒక పెద్ద మలుపు. అందులో ఆటగాడి చేతిలో ఆయుధం ఉండదు. పారిపోవాలి, లేదా దాక్కోవాలి, చీకట్లో ఎక్కువసేపు ఉంటే పాత్ర మతి చలించడం మొదలవుతుంది. ఆ ఆట ఆడుతూ కేకలు పెట్టేవారి వీడియోలు యూట్యూబ్‌లో విపరీతంగా వ్యాపించాయి, దానితో ఫ్రిక్షనల్ అంటే భయపెట్టే సంస్థ అన్న ముద్ర స్థిరపడిపోయింది. 2013లో ది చైనీస్ రూమ్ అనే మరొక సంస్థ రూపొందించిన ‘అమ్నీషియా: ఎ మెషీన్ ఫర్ పిగ్స్’ వచ్చినప్పుడు, అందులో వస్తువుల సంచీని, మతి చలించే ఏర్పాటును తీసేసి కథకు ప్రాధాన్యం ఇచ్చినందుకు పాత అభిమానుల్లో చాలామంది నొచ్చుకున్నారు. 2015 సెప్టెంబరు 22న ‘సోమా’ విడుదలయ్యే నాటికి ఎదురుచూస్తున్న జనం ఎవరో దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది. వారికి కావలసింది మరొక ‘అమ్నీషియా’. ఫ్రిక్షనల్ వారి చేతికి ఇచ్చింది, నేను అంటే ఏమిటి, ఈ శరీరమా, ఈ జ్ఞాపకాలా అని పదేపదే నిలదీసే ఒక వైజ్ఞానిక కథ.

కథ ఆరంభం చెబితే ఫరవాలేదు. 2015లో టొరాంటోలో ఉండే సైమన్ జారెట్ అనే యువకుడు కారు ప్రమాదంలో మెదడుకు దెబ్బ తగిలి, చికిత్సలో భాగంగా ఒక ప్రయోగాత్మక మెదడు స్కానింగ్‌కు వెళ్తాడు. కుర్చీలో కూర్చుని కళ్లు మూసి తెరిచేసరికి అట్లాంటిక్ సముద్రం అడుగున ఉన్న పాథోస్-టూ అనే పాడుబడిన పరిశోధనా కేంద్రంలో ఉంటాడు, కాలం ఇంచుమించు తొంభై ఏళ్లు ముందుకు జరిగిపోయి ఉంటుంది. మొదట్లోనే ఒక విరిగిన యంత్రం అతనితో మాట్లాడుతుంది. తాను మనిషినేనని, తనకు దెబ్బలు తగిలాయని, సాయం చెయ్యమని ఆ యంత్రం పూర్తి నమ్మకంతో అడుగుతుంది. మీరు ముందుకు వెళ్లాలంటే కరెంటు దారి మళ్లించాలి, ఆ పని చేసేటప్పుడు దానికి ఏమవుతుందన్నది మీ చేతిలో ఉంటుంది. మీరు ఏం చేసినా ఆట మార్కులు వేయదు, మెచ్చుకోదు, తిట్టదు, తర్వాత బహుమతీ ఇవ్వదు. ఆ గదిలోంచి బయటికి వచ్చిన తర్వాత నాలో మిగిలిన ఇబ్బంది ఏ మాన్‌స్టర్ వెంటపడినప్పుడూ కలగలేదు. ఇదే ఆటలో చనిపోయినవారి శరీరాల్లోని బ్లాక్‌బాక్స్‌ను తాకితే వారి చివరి క్షణాల మాటలు వినబడతాయి. రక్తం చూపించకుండా మరణాన్ని ఇంత దగ్గరగా తెచ్చిన ఏర్పాటు నేను ఆడిన ఇతర హారర్ ఆటల్లో కనబడలేదు.

సమీక్షకులు మెచ్చుకున్నదీ ఈ పార్శ్వాన్నే. సమీక్షకుల మార్కులకు సగటు కట్టే మెటాక్రిటిక్‌లో పీసీ వెర్షన్‌కు వందకు 84 దాకా ఉంది, ఒక చిన్న సంస్థ చేసిన హారర్ ఆటకు అది చిన్న సంగతి కాదు. సముద్రగర్భపు వాతావరణం, లోహం మూలిగే చప్పుళ్లు, ఆలోచింపజేసే కథ అందరి మెప్పూ పొందాయి. అదే సమీక్షకుల్లో అనేకులు ఒక్క విషయంలో మాత్రం పెదవి విరిచారు: మాన్‌స్టర్లు కనబడే ఘట్టాలు మిగిలిన ఆట స్థాయికి తగ్గట్టు లేవన్నారు. ఈ ఫిర్యాదు న్యాయమైనదేనని నా ఉద్దేశం, కానీ దానికి సాధారణంగా చెప్పే కారణం నాకు చాలదనిపిస్తుంది. ఆ ఘట్టాలు భయంగా లేకపోవడం అసలు లోపం కాదు. ఈ ఆటలో కథంతా చదవడం, వినడం, చుట్టూ ఉన్న వస్తువులను తిప్పి చూడడం ద్వారానే అందుతుంది. సొరుగు లాగి, గోడ మీది కాగితం చదివి, ఒక మనిషి ఇక్కడ ఎలా బతికాడో ఊహించుకునే మనఃస్థితిలో ఉన్నప్పుడు ఒక ఆకారం వరండాలో తిరగడం మొదలుపెడితే, ఆటగాడు చదవడం మానేసి లెక్కలు వేస్తాడు: అది ఎటు తిరుగుతోంది, ఎంతసేపటికి వెనక్కి వస్తుంది, ఏ మూల ఖాళీగా ఉంది. ఒక్కో జీవికి ఒక్కో నియమం ఉండడం వల్ల (ఒకటి చూడలేదు గానీ చప్పుడు వింటుంది, మరొకదాని వైపు మీరు చూడనే కూడదు) ఆ నియమం తెలిసేదాకా ఒకటి రెండుసార్లు దొరికిపోవడం తప్పదు. దొరికిపోయి అదే గది మళ్లీ దాటాల్సి వచ్చినప్పుడు భయం పోయి చిరాకు మిగులుతుంది. ఆ చిరాకుతో తర్వాతి గదిలోకి అడుగుపెట్టిన మనిషికి అక్కడి కథ సగమే అందుతుంది.

ఈ అసంతృప్తికి మొదట పరిష్కారం చూపింది సమీక్షకులు కాదు, ఆటగాళ్లే. విడుదలైన కొద్ది కాలానికే ఒక అభిమాని మాన్‌స్టర్లు దాడి చేయకుండా ఉండే మాడ్ (ఆటను మార్చే చేర్పు) ఒకటి తయారుచేసి, దానికి ‘వస్ మోడ్’ (పిరికివాళ్ల పద్ధతి) అని వెక్కిరింత ధ్వనించే పేరు పెట్టి, అలాంటి చేర్పులను పంచుకునే స్టీమ్ వర్క్‌షాప్‌లో ఉంచాడు. దానికి చాలా ఆదరణ లభించింది. 2017 డిసెంబరు 1న ఎక్స్‌బాక్స్ వన్‌లో ఆటను విడుదల చేసినప్పుడు ఫ్రిక్షనల్ ఆ ఆలోచనను తానే స్వీకరించి సేఫ్ మోడ్‌ను అధికారికంగా చేర్చింది, పీసీలోనూ అందించింది. ఇందులో మాన్‌స్టర్లను తీసేయలేదు. అవి తిరుగుతాయి, దగ్గరికి వస్తాయి, మీ వైపు చూస్తాయి, కానీ చంపవు. వాటి ప్రవర్తనను కథకు నప్పేలా సవరించడం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే దాడి చేయని ఆ జీవిని నింపాదిగా గమనించినప్పుడు అది కూడా ఒకప్పుడు ఎవరో అయి ఉంటుందన్న ఆలోచన వస్తుంది. పారిపోయేటప్పుడు ఆ ఆలోచనకు తీరిక ఉండదు.

అలాగని సేఫ్ మోడ్‌లో ఏమీ తగ్గదని చెప్పలేను. ఆట చివరి భాగాల్లో సముద్రపు అగాధంలో, కారుచీకటిలో, దీపపు వెలుగు దాటి పోకుండా నడవాల్సిన ఘట్టం ఒకటుంది. మామూలు పద్ధతిలో ఆ నడక నన్ను నిజంగా వణికించింది, వెలుగు దాటితే ఏమవుతుందో ఒళ్లంతా తెలుసుకున్నట్టుండేది. సేఫ్ మోడ్‌లో అదే దారి అందంగా ఉంది, భయంకరంగానూ ఉంది, కానీ కాళ్లు తొందరపడలేదు. “మాన్‌స్టర్లు లేకపోతే ఇది నడిచే కథ మాత్రమే” అని వాదించే ఆటగాళ్ల మాటలో నిజం ఇక్కడే ఉంది. నాకు తోచినంతలో మాన్‌స్టర్లు నిలబడాల్సిన చోట్లు ఈ ఆటలో రెండు మూడుంటే, కథకు అడ్డం పడిన చోట్లు అంతకంటే ఎక్కువే ఉన్నాయి.

ఆటగాళ్ల సమీక్షల్లో మీకు తరచుగా కనబడే మరొక ఫిర్యాదు సైమన్ గురించి. తనకు జరిగినదేమిటో కళ్లెదుట జరిగాక కూడా అతనికి అర్థం కాదని, ప్రేక్షకుడు ఎప్పుడో గ్రహించినదాన్ని అతను చివరిదాకా గ్రహించడని, అందువల్ల ముగింపులో అతని కోపం కృత్రిమంగా ఉందని చాలామంది రాశారు. ఈ విషయంలో నేను వారితో ఏకీభవించను. సైమన్‌కు విషయం అర్థం కాక కాదు, అర్థమైతే బతకలేడు కాబట్టి అర్థం చేసుకోడు. అతనికి దారి చూపే కేథరీన్ చున్ కూడా, అతను ముందుకు నడవాలి గనుక, అతని అపోహను పూర్తిగా తొలగించదు. ఆమె అబద్ధమాడిందా, మౌనంగా ఉండిపోయిందా అన్నది ఈ కథ మీద నేను చదివిన చర్చల్లో అన్నిటికంటే లోతైనది. మనం తెర ఇవతల కూర్చుని హేతుబద్ధంగా ఆలోచించడం తేలిక. అతని స్థానంలో ఉంటే అదృష్టం మనవైపే ఉందని అందరమూ అనుకుంటాం. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి: రచయితలు అతని చేత ఒకే ప్రశ్నను కొంచెం ఎక్కువసార్లు అడిగించారు, కొన్ని సంభాషణల్లో పాత్ర మాట్లాడడం మానేసి వివరణ ఇస్తున్నట్టు అనిపిస్తుంది.

అంకెల గురించి క్లుప్తంగా. ఫ్రిక్షనల్ స్వయంగా ప్రకటించిన ప్రకారం మొదటి పది రోజుల్లో 92,000 ప్రతులు అమ్ముడయ్యాయి, ఏడాది గడిచేసరికి ఆ సంఖ్య 4,50,000 దాటింది. అంటే ఈ ఆట మొదటి వారపు హడావిడి మీద కాక, ఒకరు ఇంకొకరికి చెప్పుకోవడం మీద నడిచింది. స్టీమ్‌లో కనిపించే శాతాన్ని మార్కులుగా చదవకండి. ఆట బాగుందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే అక్కడ జవాబు తీసుకుంటారు కాబట్టి, కొన్ని గదుల్లో విసిగిపోయినవారూ, ఆట మొత్తం మీద మనసు పారేసుకున్నవారూ ఒకే లెక్కలోకి వస్తారు. పైగా 2015లో కొన్నవారు తర్వాతి ‘అమ్నీషియా’ కోసం కొన్నారు, ఇప్పుడు కొంటున్నవారు ఇది ఎలాంటి కథో ఎక్కడో విని కొంటున్నారు. అందుకే సమీక్షలు చదివేటప్పుడు తేదీ చూడండి, రాసిన వ్యక్తి ఏ పద్ధతిలో ఆడారో చూడండి. “భయం లేదు” అన్న మాట 2015 నాటి సమీక్షలో ఒక అర్థాన్నిస్తుంది, సేఫ్ మోడ్ వచ్చిన తర్వాతి సమీక్షలో వేరొక అర్థాన్నిస్తుంది.

మీరు హారర్ ఆటలకు అలవాటుపడినవారైతే మామూలు పద్ధతిలోనే మొదలుపెట్టండి, చిరాకు పుట్టించే గదులను ఓర్చుకుంటే ఆ అగాధపు నడక దక్కుతుంది. మాన్‌స్టర్ వెంటపడితే ఆట మూసేసే స్వభావం మీదైతే సంకోచం లేకుండా సేఫ్ మోడ్ ఎంచుకోండి, కథలో ఒక్క మాట కూడా తగ్గదు. హారర్ జోలికే పోని నా స్నేహితుడొకడు ఆ పద్ధతిలోనే పూర్తి చేసి, నాకంటే ఎక్కువగా సైమన్ గురించి వాదించాడు. ఏ పద్ధతిలో ఆడినా హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, దొరికిన ప్రతి బ్లాక్‌బాక్స్‌నూ వినండి, ఆట ముగిశాక తయారుచేసినవారి పేర్లు తెర మీద మొదలవగానే బయటికి రాకండి. వాటి తర్వాత ఇంకొక భాగం ఉంది, ముగింపు న్యాయంగా ఉందా లేదా అని ఆటగాళ్లు చేసుకునే వాదనలన్నీ దాన్ని కలుపుకునే సాగుతాయి.