అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు కారం, పాలు, ఆకుకూరలు పూర్తిగా మానేయాలా?

జీవితాంతం మానక్కర్లేదు. ఈ జబ్బు తిండి వల్ల వచ్చేది కాదు, పథ్యంతో పోయేదీ కాదు. కానీ పెద్దపేగు లోపొర పుండుపడి ఉన్నప్పుడు కొన్ని పదార్థాలు విరేచనాలను, కడుపునొప్పిని పెంచుతాయి.

జబ్బు తిరగబెట్టిన రోజుల్లో అరగని పీచు తగ్గించాలి: గోంగూర, పచ్చి ఉల్లిపాయ, తొక్కలు, గింజలు, జొన్నరొట్టె. మెత్తటి అన్నం, ఇడ్లీ, చెక్కు తీసి ఉడికించిన సొరకాయ, అరటిపండు, గుడ్డు సాధారణంగా పడతాయి. ఆవకాయ పక్కన పెట్టండి. పుండును చేసేది కారం కాదు గానీ, మంటను, మరుగుదొడ్డికి పరుగును పెంచుతుంది. రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా తినండి. విరేచనాలు ఎక్కువైతే ప్యాకెట్‌పై రాసిన కొలత నీళ్లలో ఓఆర్‌ఎస్ కలుపుకొని తాగాలి.

పాల మీద అనుమానముంటే రెండు వారాలు ఆపి చూడండి. తేడా లేకపోతే మళ్లీ తాగండి, కాల్షియం ఊరికే పోగొట్టుకోవద్దు. పెరుగు చాలామందికి పడుతుంది.

తగ్గాక పీచు మళ్లీ మొదలుపెట్టాలి, మూడు రోజులకో కొత్త పదార్థం చొప్పున. ఒకేసారి నాలుగు కలిపితే దేనివల్ల తేడా చేసిందో తెలియదు. చాలామంది ఇక్కడే భయపడి చారన్నంతోనే ఏళ్లు గడిపేస్తారు. బరువు, రక్తం రెండూ తగ్గిపోతాయి.

బాగుందని మెసలమిన్ (ఈ జబ్బును అదుపులో ఉంచే మందు) ఆపొద్దు. రోజుకు ఆరు లేదా అంతకంటే ఎక్కువసార్లు రక్త విరేచనాలు అవుతూ, జ్వరం గానీ గుండెదడ గానీ ఉంటే పథ్యం మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.