కానుగ గింజ కొనండి, భూమి అడగకండి

ప్రశ్న: మాది మంచిర్యాల. నూనె మిల్లు ఉంది. ఉట్నూరు వైపు గోండు రైతుల పట్టా భూములు 50 ఎకరాలు పదేళ్లకు కౌలు తీసుకుని, బయోడీజిల్ కోసం జట్రోఫా (నూనె గింజల పొద) పెడదామనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందు కౌలు ఆలోచన మానుకోండి. అది ఏజెన్సీ, అంటే గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మినా, తాకట్టు పెట్టినా, కౌలుకిచ్చినా చెల్లదు. అటవీ హక్కుల పట్టా అయితే వారసత్వంగా రావాల్సిందే, చేతులు మారదు. స్టాంపు కాగితం మీద రాసుకున్నా మీ పెట్టుబడికి రక్షణ ఉండదు.

జట్రోఫా కూడా వద్దు. బంజరులో నీళ్లూ ఎరువూ లేకుండా కాస్తుందని నమ్మి వేసినచోట్ల దిగుబడి రాలేదు. కానుగ మన చెట్టు. పశువులు మేయవు, వేరు బుడిపెలతో గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. జైనూరు మండలం పవర్‌గూడలో గోండు మహిళా సంఘం కానుగ నూనె తీసింది. 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్ల దగ్గర డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కను 645 డాలర్లకు కొంది. పేరు గొప్పదే గానీ సొమ్ము చిన్నది, కార్బన్ మీద లెక్కలు వేసుకోకండి.

రైతు తన పొలంలో కొత్తగా నాటితే 5x5 మీటర్ల దూరంలో ఎకరాకు 160 మొక్కలు. కాపు మొదలవడానికే నాలుగైదేళ్లు పడుతుంది. అందాకా మధ్యలో కంది, జొన్న రైతువే. మీరు ఇప్పటికే ఉన్న చెట్ల గింజ కొని మొదలుపెట్టండి. అడవిలో ఏరేదైతే గ్రామసభతో మాట్లాడాలి. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కు వాళ్లది. కాయలు రాలే రోజుల్లోనే ఇప్పపువ్వు, ఆ వెంటనే తునికాకు వస్తాయి. అక్కడ కూలి రోజుకారోజు చేతికొస్తే, మీ గింజ డబ్బు నెల తర్వాతంటే ఎవరు ఏరుతారు? తూకం వాళ్ల ముందే వేసి, డబ్బు ఆ రోజే ఇవ్వండి.

ప్రశ్న: బయోడీజిల్ చేస్తుంటే మా నూనె రియాక్టర్‌లో సబ్బులా గడ్డకడుతోంది. ఎందుకు?

జవాబు: గింజ తడిసింది. వాన పడ్డాక ఏరిన కాయలు, ప్లాస్టిక్ సంచుల్లో ఉక్కిన గింజలు ఆమ్లం పెంచుతాయి. ఆ స్వేచ్ఛా ఆమ్లం 2 శాతం దాటితే బయోడీజిల్ చేయడానికి వేసే పొటాష్ క్షారం (పొటాషియం హైడ్రాక్సైడ్) దానితో కలిసి సబ్బవుతుంది. అప్పుడు ముందు గంధకామ్లం, మిథనాల్‌తో ఒక దశ నడిపి ఆమ్లం దించాలి. తర్వాతే 100 లీటర్ల నూనెకు సుమారు 20 లీటర్ల మిథనాల్, కిలో పొటాషియం హైడ్రాక్సైడ్. 60 డిగ్రీల దగ్గర గంటన్నర. 65 దగ్గర మిథనాల్ మరిగిపోతుంది, జాగ్రత్త. అది విషం, మంట అంటుకునేది. అందుకే ఈ పని ఊళ్లో పెట్టకండి. పొట్టు తీయడం, ఆరబెట్టడం, ఎక్స్‌పెల్లర్ ఆడించి నూనె తీయడం మాత్రం ఊళ్లోనే జరగాలి. గింజను తేమ 8 శాతానికి దిగేదాకా ఆరబెట్టి గోనె సంచుల్లో నిల్వ చేయించండి.

ఊళ్లో ఎందుకంటే, నాలుగు కిలోల గింజకు ఒక కిలో నూనె, దాదాపు మూడు కిలోల చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) వస్తాయి. గింజ కిలో 25 రూపాయలైతే కిలో నూనెకు గింజ ఖర్చే వంద. ఇంధనంగా అమ్మితే మిగిలేది ఏమీ ఉండదు, చెక్క విలువ కూడా కలిపితేనే లెక్క కుదురుతుంది. ఆ చెక్క ఊళ్లోని మహిళా సంఘానికే వదిలేస్తే వాళ్ల పత్తి, కంది చేలకు ఎరువవుతుంది, మిగిలింది అమ్ముకుంటారు. పశువులకు మాత్రం పెట్టనివ్వకండి, అందులో విషపదార్థాలుంటాయి.