చందువా, వంజరం చుట్టాలా?

ప్రశ్న: అన్నా, కాసిమేడు మార్కెట్‌లో వంజరం, చందువా, రిబ్బన్ ఫిష్ పక్కపక్కనే పెడతారు కదా, ఈ మూడూ ఒకే కుటుంబం అని మా అబ్బాయి వాదిస్తున్నాడు. ఒకటి తూటాలా, ఒకటి పళ్ళెంలా, ఇంకోటి బెల్టులా ఉంటే ఎలా కుదురుతుంది? (రాయపురం, చెన్నై)

జవాబు: కుటుంబం కాదు గానీ మీ వాడు చాలావరకు కరెక్టే అమ్మా. ఇదివరకు ఏ గ్రూపులో పెట్టాలో తెలియని చేపలన్నీ పెర్సిఫార్మిస్ అనే వర్గంలో పడేసేవాళ్ళు, దాదాపు పదివేల జాతులు, మనింట్లో అటక మీద సామాన్లలాగా అన్నమాట. తర్వాత డీఎన్‌ఏ చూడటం మొదలెట్టారు, 2013లో జపాన్‌కి చెందిన మసాకి మియా టీమ్ ట్యూనా, వంజరాల కుటుంబానికి ఇంకో 14 కుటుంబాలు దగ్గరి చుట్టాలని తేల్చింది, అందులో తెల్ల చందువా కుటుంబమూ ఉంది, రిబ్బన్ ఫిష్ కుటుంబమూ ఉంది. ఇప్పుడు వీటన్నిటినీ కలిపి స్కాంబ్రిఫార్మిస్ అంటున్నారు. డైనోసార్లు పోయాక సముద్రంలో ఖాళీ దొరికి ఒకే మూలం నుంచి తలో ఆకారంలోకి మారాయట.

అసలు తమాషా నల్ల చందువాది. పేరుకే చందువా, కానీ అది పారై చేపల కుటుంబం, అంటే కారంగిడే. ఈసారి కొన్నప్పుడు తోక మొదట్లో పక్కన వేలు పెట్టి చూడండి, గరుకుగా గట్టి పొలుసుల వరస తగులుతుంది, తెల్లదానికి అది ఉండదు. పులుసుకి మాత్రం నా ఓటు నల్లదానికే.