ఏడాదికి 52 పుస్తకాలు ఎందుకు బిడ్డా?

నల్లగొండ

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసింది. మిల్లు ఆఫీసు నుంచి వచ్చినంక సెల్‌ఫోన్ పక్కన పెట్టి పుస్తకాలు చదువుతున్నవట. వారానికొకటి చొప్పున ఏడాదికి 52 చదవాలని గోడకు కాగితం అంటించుకున్నవట. ఆన్‌లైన్‌ల ఒక్కసారే 12 తెప్పించుకున్నవట. చాన సంబురమైంది. పొద్దంత లెక్కలు రాసి అలిసిపోయిన పిల్ల పుస్తకం పట్టుకుంటనంటే ఎవరికి సంబురం కాదు? కానీ ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. "నేను సోమరిదాన్ని పెద్దమ్మా, ఈ పుస్తకాలతోనన్న బాగుపడాలె" అని నాకు చెప్పమన్నవట. నాకు కుదురు లేకుంట చేసింది ఆ మాటనే.

చిన్న సంగతులు ముందు. ఆ పన్నెండిట్ల రెండు ఉంచుకో, వాపసు తీసుకునేటివి వాపసు పంపు, తక్కినయి పెట్టెల పెట్టు. ఉంచుకున్న రెండిట్ల ఒకటి సైన్సుది కావాలె, ఒకటి అలవాట్ల గురించిదో ఏకాగ్రత గురించిదో కావాలె. గ్రంథాలయంల డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకో. ఫుట్‌పాత్ మీద సగం ధరకు దొరికే దొంగ ప్రింట్లు కొనకు, పేజీలు తప్పిపోయి ఉంటయి, బొమ్మలు నల్లగ మరకలు పడి ఉంటయి. పండుకొని చదవకు. పెన్సిల్, 200 పేజీల పొడుగు నోట్‌బుక్ పక్కన పెట్టుకొని కూసోని చదువు.

పుస్తకం ఎంచుకునేటప్పుడు అట్ట మీద "లక్షల కాపీలు" అని రాసింది చూడకు, వెనక నుంచి తెరువు. చివర ఏ మాట ఎక్కడి నుంచి తెచ్చిన్రో చెప్పే పేజీలు ఉన్నయా? తెలుగు అనువాదమైతే అవి తీసేసిన్రా? తర్వాత మొదట అచ్చయిన సంవత్సరం చూడు. నడుమ ఒక అధ్యాయం తీసి, రాసిన మనిషి తన పరిశోధన చెప్తున్నడా, వేరేటోళ్లది తిరిగి చెప్తున్నడా గమనించు. ఎక్కడన్న "పరిశోధనల తేలింది" అని కనిపిస్తే మూడు ప్రశ్నలు వెయ్యి: ఎంతమంది మీద? ఎసొంటోళ్ల మీద? ఎవరితోని పోల్చిన్రు?

ఈ ప్రశ్నలకు పుస్తకంల జవాబు లేకపోతే ఎట్లుంటదో చూడు. నడుం మీద చేతులు పెట్టుకొని రెండు నిమిషాలు నిలబడితే ఒంట్ల హార్మోన్లే మారుతయి, ధైర్యం వస్తదని 2010ల ఒక పరిశోధన అచ్చయింది. అండ్ల పాల్గొన్నోళ్లు 42 మంది. 2015ల వేరేటోళ్లు 200 మందితోని చేసి చూస్తే, ధైర్యంగ అనిపిస్తున్నదని కొందరు చెప్పిన్రు గానీ హార్మోన్లు మాత్రం మారలే. 2016ల మొదటి పరిశోధకురాలు డేనా కార్నీనే ఆ ప్రభావం నిజమని తాను నమ్ముతలేనని బయటికి రాసింది. అంతకుముందు అచ్చయిన పుస్తకాలల్ల మాత్రం ఆ మాట అట్లనే ఉన్నది. 2002ల నోబెల్ వచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ అంతటోడు కూడ, 2011ల తాను రాసిన పుస్తకంల ఒక అధ్యాయం గురించి, చిన్న చిన్న ప్రయోగాలను అతిగ నమ్మిన్నని 2017ల ఒప్పుకున్నడు. అందుకే సంవత్సరం చూడమంటున్న. 2015ల మనస్తత్వ శాస్త్రంల 100 పరిశోధనలను మళ్ల చేసి చూస్తే, మూడో వంతు కంటే కొంచెం ఎక్కువనే మళ్ల నిలబడ్డయి. అంటే పుస్తకాలన్ని అబద్ధాలని కాదు. ఒక్క ప్రయోగం మీద జీవితం కట్టుకోవద్దని.

ఇగ అసలు సంగతి. నీ గోడ మీద కాగితంల ఇంకో లైను ఉన్నదట, మీ అమ్మ చదివి వినిపించింది: "21 రోజులు చేస్తే ఏదైన అలవాటైతది." ఎన్ని పుస్తకాలల్ల, ఎన్ని క్లాసులల్ల, ఎన్ని వీడియోలల్ల ఈ తప్పు తిరుగుతున్నదో లెక్క లేదు. ఇది ఎక్కడ పుట్టిందో చెప్త, విను.

అమెరికాల మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉండె. ఆపరేషన్ చేయించుకున్నోళ్లు అద్దంల తమ కొత్త మొఖానికి అలవాటు పడుటానికి కనీసం 21 రోజులు పడుతున్నదని ఆయన గమనించిండు. కాలో చెయ్యో తీసేస్తే, అది ఇంక లేదని మనసుకు ఎక్కుటానికి కూడ దగ్గర దగ్గర అంతే పడుతున్నదనుకున్నడు. 1960 సంవత్సరంల అచ్చయిన తన పుస్తకంల ఆ మాట రాసిండు. అది తన దగ్గరికి వచ్చినోళ్లను చూసి ఒక డాక్టరు చెప్పిన మాట, కొలిచి చేసిన ప్రయోగం కాదు. పొద్దుగాల లేచుడు గురించి కాదు, చదువుడు గురించి అసలే కాదు. తర్వాత వచ్చినోళ్లు అండ్లకెల్లి ఆపరేషన్ తీసేసిన్రు, "కనీసం" తీసేసిన్రు, 21 ఒక్కటి మిగిల్చిన్రు.

నిజంగ కొలిచినోళ్లు ఉన్నరు. లండన్ యూనివర్సిటీ కాలేజీల ఫిలిపా లాలీ, ఆమె తోటి పరిశోధకులు 96 మందిని తీసుకున్నరు. ఒక్కొక్కరు ఒక్కటే చిన్న పని ఎంచుకోవాలె. మధ్యాహ్నం అన్నంతోపాటు ఒక పండు తినుడో, ఒక గ్లాసు నీళ్లు తాగుడో, రాత్రి భోజనం ముందు పావుగంట పరిగెత్తుడో. రోజుకొకసారి, ఒకే గుర్తుకు కట్టేసి, 84 రోజులు చెయ్యాలె. ఆలోచించకుంటనే చేతులు ఆ పనికి పోతున్నయా లేదా అని రాసుకోవాలె. తేలిందేందంటే, అలవాటు గట్టిపడుటానికి మధ్యస్థంగ 66 రోజులు పట్టింది. అందరికంటె తొందరగ అయినోళ్లకు 18 రోజులు. అందరికంటె ఆలస్యమైనోళ్ల లెక్క 254 వచ్చింది. 84 రోజులకే ప్రయోగం ఆగిపోయింది గనుక ఆ 254 గీత పొడిగించి వేసిన అంచనా అని కూడ గుర్తుపెట్టుకో. నీళ్లు తాగుడసొంటివి జల్ది పట్టుబడ్డయి, వ్యాయామం అసొంటివి ఆలస్యమైనయి. నడుమ ఒక్కరోజు తప్పితే పెద్దగ చెడిపోయింది ఏం లేదు.

ఇప్పుడు నీ గోడ మీది రెండు లైన్లు పక్కపక్కన పెట్టి చూడు. 70 వేల మాటల పుస్తకం నిమిషానికి 240 మాటల లెక్కన చదివితే అయిదు గంటలల్ల అయిపోతది. వారానికొకటి చదువుడు కష్టమేం కాదు. కానీ ఒక అలవాటుకు 66 రోజులంటే, ఒకటైనంక ఒకటి ఏ ఆటంకం లేకుంట నడిచినా ఏడాదికి అయిదే. 52 పుస్తకాలు 52 సలహాలిస్తయి, నీ దగ్గర అయిదిటికే జాగ ఉన్నది. తక్కిన 47 ఏమైతయి? చేయలేకపోయినననే లెక్కల పడతయి.

నా భయం అక్కడున్నది. 22వ రోజు పొద్దున అలారం బంద్ చేసి మళ్ల పండుకుంటవు. పుస్తకం ప్రకారం ఈపాటికి అలవాటు కావాలె, కాలేదు. పుస్తకంల గడువే తప్పని నీకు తోచదు, "నాలనే ఏదో లోపమున్నది" అనుకుంటవు. అనుకొని ఇంకో పుస్తకం తెప్పిస్తవు. అది చదువుతుంటే రెండు రోజులు హుషారు వస్తది, ఆ హుషారే పని అయినట్టు అనిపిస్తది. పని మాత్రం మొదలు కాదు. నువ్వు సోమరిదానివి కాదు బిడ్డా. పొద్దున ఇంటి పని చేసి, పగలు మిల్లుల లారీ లెక్కలు చూసి, రాత్రి ఏడింటికి ఇంటికి వచ్చి పుస్తకం తెరిచేటోళ్లను సోమరోళ్లని ఎవరంటరు? ఇంకోసారి ఆ మాట అంటే నేను ఊకోను.

అమెరికాల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, కొద్దిసేపు ఆగితే రెండిస్తమని చెప్పి చేసిన ప్రయోగం నీ పుస్తకాలల్ల తప్పకుంట ఉంటది. ఆగిన పిల్లలే పెద్దయినంక బాగుపడ్డరని రాస్తరు. 2018ల 900 మందికి పైన పిల్లల వివరాలతోని మళ్ల చూసిన్రు. ఇంటి పరిస్థితి, తల్లి చదువు లెక్కల పెడితే ఆ సంబంధం చాన మటుకు తగ్గిపోయింది. అందరి ఇండ్లు ఒక్కతీరు ఉండవని ఆ అధ్యాయం కాడ పెన్సిల్‌తోని రాసిపెట్టు.

నీకు గుర్తున్నదో లేదో, చిన్నప్పుడు మర్రిగూడెం దిక్కు పెండ్లికి పోయినప్పుడు, ఆడి ముసలోళ్ల పండ్లు ఎందుకు గోధుమ రంగున్నయని బస్సంత వినబడేటట్టు అడిగినవు. మీ అమ్మ నోరు మూసింది. మంచి ప్రశ్న అది. ఫ్లోరైడ్ కొంచెం ఉంటే పండ్లకు మేలు, నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పండ్ల మీద మచ్చలు, ఇంకా పెరిగితే ఎముకలకే చేటు. అది తీయనీకి పటిక, సున్నం కలిపే పద్ధతికి ప్రపంచమంత మన నల్లగొండ పేరే ఉన్నది. ఆ పద్ధతిల పటిక ఎంత వెయ్యాలన్నది అన్ని బాయిలకు ఒక్కటి కాదు. ఆ నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంతున్నది, క్షారత ఎంతున్నది చూసి మోతాదు కడతరు. పుస్తకంల సలహా కూడ అట్లనే తీసుకో: ఎంత, ఎన్నిసార్లు, నా పరిస్థితికి ఎంత తగ్గించాలె?

చదివే పద్ధతి చెప్త. ఒక అధ్యాయం అయినంక పుస్తకం మూసెయ్యి. చూడకుంట నోట్‌బుక్‌ల అయిదారు లైన్లు రాయి. రానిది రాకపోనీ. తర్వాత తెరిచి, తప్పిపోయింది వేరే రంగు పెన్నుతోని రాయి. మళ్ల తెల్లారి ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి చూడకుంట చెప్పుకో. 2006ల రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల మీద ఇదే చూసిన్రు. అయిదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్ల చదివినోళ్లే ముందున్నరు. వారం తర్వాత పెడితే చూడకుంట రాసినోళ్లకు 56 శాతం, మళ్ల చదివినోళ్లకు 42 శాతం గుర్తున్నది. రాస్తుంటే ఏం రానట్టే అనిపిస్తది, మళ్ల చదువుతుంటే అంత వచ్చినట్టే అనిపిస్తది, అక్కడనే మోసపోతం. పసుపు మార్కర్‌తోని గీతలు గీసుడు దాదాపు దండుగ.

చేసేది ఒక్కటే ఎంచుకో, దాన్ని రోజూ ఎట్లనూ జరిగే పనికి కట్టెయ్యి. "రోజూ చదువుత" అని రాయకు. "ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కొని, చాయ్ తాగి గ్లాసు కింద పెట్టంగనే కుర్చీల కూసోని 20 నిమిషాలు చదువుత" అని రాయి. దానికిందనే "కరెంటు పోతే చూడకుంట చెప్పుకుంట, చుట్టాలొస్తే అయిదు నిమిషాలే చదువుత" అని అడ్డంకులకు జవాబు రాసిపెట్టు. పీటర్ గోల్‌విట్జర్ అనే ఆయన ఏండ్ల తరబడి పరిశోధించిన పద్ధతి ఇది, చాన చోట్ల నిలబడ్డది. నోట్‌బుక్ వెనక 66 గడులు గియ్యి. చేసిన రోజు టిక్కు, తప్పిన రోజు ఖాళీ. ఖాళీకి ఎర్ర గీత కొట్టకు, ఎందుకు తప్పిందో రెండు మాటలు రాయి. ఒకే కారణం పదే పదే వస్తుంటే సమయమన్న మార్చు, 20ని 10 అన్న చెయ్యి.

కండ్లు మూసుకొని గెలిచినట్టు ఊహించుకోమనే పుస్తకాలను మాత్రం ఇంట్లకు రానియ్యకు. గాబ్రియేల్ ఓటింగెన్ అనే పరిశోధకురాలు బరువు తగ్గాలనుకున్న ఆడోళ్లను గమనిస్తే, తేలిగ్గ అయిపోతదని తియ్యగ ఊహించుకున్నోళ్లే తక్కువ తగ్గిన్రు.

సైన్సు పుస్తకం ఒకటి ఉంచుకోమన్న కదా. నీకు కావలసిన ధైర్యం అండ్లనే ఎక్కువ దొరుకుతదని నా నమ్మకం. రోనాల్డ్ రాస్ అనే డాక్టరు సికింద్రాబాద్‌ల 1895 నుంచి దోమలను కోసి, సూక్ష్మదర్శినిల చూసుకుంట పోయిండు. మలేరియా జాడ దొరకలే. ఆయన కోసేటివి మలేరియా మోసే జాతి దోమలు కావు. రెక్కల మీద మచ్చలున్న అనాఫిలిస్ చేతికి వచ్చినంక, 1897 ఆగస్టు 20 నాడు దాని కడుపు గోడల ఆ జాడ దొరికింది. 1902ల నోబెల్ వచ్చింది. రెండేండ్లు దొరకకపోవుటానికి ఆయన సోమరితనం కారణం కాదు, దోమ వేరే. మంచి సైన్సు పుస్తకం వైఫల్యానికి కారణం వెతుకుడు నేర్పుతది. తెలుగుల మొదలుపెట్టాలంటే మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ రాసినయి చదువు. ఇద్దరు సైన్సుల పని చేసినోళ్లే, కొలతలు వదిలిపెట్టకుంట తేట తెలుగుల చెప్తరు.

ఆఖరుకు ఒకటి, దీన్ని తేలిగ్గ తీసుకోకు. రెండు వారాల మీద నిద్ర పట్టకుంట, దేని మీదా మనసు పోకుంట, ఊకె ఏడుపు వస్తుంటే దానికి పుస్తకం మందు కాదు. మనసు బాగలేనోళ్లకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ ఉన్నది, నంబరు 14416, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు, ఏ వేళైన చెయ్యొచ్చు. సర్కారు దవాఖానల మానసిక వైద్యుడు ఉంటడు, నేను తోడు వస్త. సిగ్గుపడకు, దాచకు. మీ అమ్మకు చెప్పబుద్ధి కాకపోతే నాకు చెప్పు.

గోడ మీది కాగితం తీసెయ్యి. ఈ ఆదివారం ఒక్క పని ఎంచుకొని 66 గడులు గియ్యి, మొదటి పేజీ ఫోటో తీసి పంపు. ఏ పని ఎంచుకున్నవో చూసి మోతాదు ఎక్కువుంటే చెప్త. పెట్టెల పెట్టిన పుస్తకాలల్ల రెండు మూడు పండుగకు వచ్చేటప్పుడు తీసుకొనిరా, వెనక పేజీలు ఇద్దరం కూసోని చూద్దాం.

మీ పెద్దమ్మ